ఉన్నికి మైల లేదు

మీ ఇంటి దొడ్డి తలుపు దగ్గరికి తెల్లవారకముందు మంగలి వచ్చినప్పుడు మీరు ఏ గదిలో ఉంటారు?

అడుగుతున్నది మిమ్మల్నే. పత్రికలు తెప్పించుకొని చదివేవారిని, సభలకు వచ్చి ముందు బెంచీల మీద కూర్చునేవారిని, విధవలకు తల గొరిగించడం అనాగరికమని తీర్మానం చదివితే అందరికంటే ముందు చెయ్యెత్తేవారిని. ఆ వేళకు మీకు మెలకువ వచ్చే ఉంటుంది. అయినా దుప్పటి ముసుగు తియ్యరు. పొద్దున్నే బోడితల ఎదురైతే పని చెడుతుందన్న మాట మీరు నమ్మరు. నమ్మరు కాని లేవరు. దొడ్లో కత్తి నూరే చప్పుడు ఆగి, నీళ్లు కుమ్మరించుకున్న చప్పుడు వినిపించాక, అప్పుడే నిద్ర లేచినట్టు ఆవులిస్తూ బయటికి వస్తారు.

ఈ ప్రశ్న నేను ఎన్ని వేదికల మీద వేశానో నాకే గుర్తు లేదు. మొదట్లో కోపంగా వేసేవాణ్ణి. కోపం కూడా చెప్పుల జోడు లాంటిదే, నడిచిన కొద్దీ అరుగుతుంది. ఇప్పుడు గొంతు పెంచితే దగ్గు వస్తుంది. అవతలి పక్షం వారి శ్లోకాలు కూడా నాకే కంఠస్థమై, సభలో వారు ఒక పాదం మరచిపోతే నేనే అందించే స్థితికి వచ్చాను. అందుకని ఈసారి వాదం జోలికి పోను. ఒక టోపీ సంగతి రాస్తాను.

ఆ టోపీ నా బల్ల మీద ఉంది. గొర్రెలు కాసే కురువ ఆడవాళ్లు కంబళ్ల కోసం వడికే గొర్రె బొచ్చు దారంతో అల్లినది. తెల్ల దారం మీద నల్ల దారంతో చిన్న చిన్న పలకల ముగ్గు, చెవుల పైనుంచి తల చుట్టూ తిరిగి వస్తుంది. రంగు వేసిన పోగు ఒక్కటి లేదు. తెల్లది తెల్ల గొర్రెది, నల్లది నల్ల గొర్రెది. అంచు దగ్గర తుప్పు మరకలు ఉన్నాయి. చేత్తో తాకితే గరగరలాడుతుంది. మా అక్క తల మీద తప్ప ఇంకెవరి తల మీదా అది దిగదు. అక్క తల మీద కూడా కొన్ని నెలలే దిగింది.

మాది నంద్యాల. ఇంటికి పెద్ద మా పెదనాన్న. మా చిన్నప్పుడే నాన్న పోవడంతో మమ్మల్ని ఆయనే పెంచాడు. అక్క పావడా వయసులోనే భర్తను పోగొట్టుకొని తిరిగి వచ్చింది. పెద్దమనిషి అయ్యాక తల తీయించి తెల్ల పంచె కట్టబెట్టారు. అప్పటినుంచి మడి వంట ఆమెదే. నేను హైస్కూల్లో పంతులునై, సాయంకాలాలు పఠన మందిరంలో ఉపన్యాసాలు చెప్పేవాణ్ణి. పెదనాన్నతో ఇంట్లోనే శాస్త్రవాదం పెట్టుకునేవాణ్ణి. ఆయన పడసాలలో పీట మీద కూర్చొని ఓపికగా వినేవాడు, ఓపికగా జవాబు చెప్పేవాడు. నడుమ అక్క మజ్జిగ తెచ్చి ఇద్దరికీ పోసేది. వాదంలో ఒక్కోసారి నేను గెలిచేవాణ్ణి కూడా. నెల తిరిగేసరికి మంగలి వచ్చేవాడు.

ఒక వానాకాలం ముసలి మంగలి చేయి వణికి, అక్క నడినెత్తి మీద కత్తి దిగింది. ఆ గాయం చీము పట్టి మానడానికి చాలా రోజులు పట్టింది. కార్తీకంలో మళ్లీ అతను వచ్చి పోయిన మరునాడు, దొడ్లో రోటి దగ్గర అక్క నాతో అంది:

"రేయ్, ఇంక నేను తల ఇయ్యను."

నాకు ఒళ్లు పులకరించింది. ఆ రోజే సభ పెడతానన్నాను. పెదనాన్నకు నోటీసు ఇచ్చినట్టు అందరి ముందూ ప్రకటిస్తానన్నాను. పత్రికకు రాస్తానన్నాను. అక్క రుబ్బడం ఆపలేదు.

"నువ్వు సభ పెడితే నా తల ఊరి తల అయితాది. ఒకరు గొరగల్లంటారు, ఒకరు గొరగగూడదంటారు. నడుమ నేనెవరు? నా తల నాకు కావల్ల, అంతే."

"మరి ఎట్లా?"

"పొట్టి వెంట్రుకలుంటే చూసినోళ్లు మరిచిపోయినామేమో అనుకొని మంగలికి కబురు పెడతారు. ముడి పడేంత పెరిగితే, ఇది మరిచిపోయింది కాదు, నేను ఒప్పుకోలేదు అని తెలుస్తాది. అంతవరకు దాచల్ల. ఎట్ల దాచేదో నేను చూసుకుంటా. నువ్వు నోరు మూసుకోని ఉండు. అది నీకు శానా కష్టమని తెలుసులే."

ఆ రోజుల్లో మిషను బడిలో కుట్టుపని చెప్పే పంతులమ్మ ఒకామె మధ్యాహ్నాలు మా వీధి ఆడపిల్లలకు నేర్పడానికి వచ్చేది. పక్క పల్లెలో కూలి చేసుకొని బతికే క్రైస్తవ కుటుంబంలో పుట్టిన మనిషి. తెల్ల చీర, కాళ్లకు చెప్పులు, చేతిలో నల్ల గొడుగు. మా అరుగు ఎక్కనిచ్చేవారు కాదు. అరుగు కింద ఒక బండ మీద కూర్చునేది. జర్మనీ యుద్ధం నాడు సిపాయిలకు టోపీలు అల్లి పంపమని దొరసానులు బడిలో అందరికీ నేర్పించారట. యుద్ధం అయిపోయింది, అల్లిక ఆమె చేతుల్లో మిగిలింది.

అక్క అరుగు అంచుకు వచ్చి కూర్చొని, చలికి తల పోటుగా ఉంటోందని, తనకూ ఒక టోపీ అల్లడం నేర్పమని అడిగింది. పంతులమ్మ తన పాత గొడుగు ఊచలు నాలుగు విరిచి, బండ మీద మొనలు అరగదీసి తెచ్చింది. అవే సూదులు. మూడింటి మీద ఉచ్చులు వరుసగా ఎక్కి ఉంటాయి, నాలుగోదానితో ఒక్కొక్క ఉచ్చులోంచి కొత్త ఉచ్చు లాగుతూ గుండ్రంగా తిరగాలి. ఒకే వరుసలో రెండు దారాలూ నడుస్తాయి. తెల్లది ముందు పని చేస్తుంటే నల్లది వెనక పక్క ఊరికే వెంట వస్తుంది. నల్లదాని వంతు రాగానే తెల్లది వెనక్కి తప్పుకుంటుంది. పైకి ముగ్గు కనిపిస్తుంది. లోపలికి తిప్పితే వెంట వచ్చిన దారాలన్నీ అడ్డంగా పరుచుకొని కనిపిస్తాయి.

ముగ్గు అక్కే చెప్పింది. వీధి వాకిట్లో ముగ్గు వేయడానికి ఆమెకు హక్కు లేదు. చిన్నప్పుడు నేర్చిన చుక్కల ముగ్గు వేళ్లలోనే ఉండిపోయింది.

మొదటి రోజే పెదనాన్న బయటినుంచి వస్తూ చూశాడు. అల్లిక ఒక కొస పంతులమ్మ చేతిలో ఉంది, దారపు ఉండ అక్క ఒడిలో ఉంది. ఆయన మెట్ల మీదే ఆగిపోయాడు.

"ఏమే, ఆ దారం ఆమె ముట్టింది, ఈ పక్క నువ్వు ముట్టినావు."

"ఉన్ని పెదనాన్నా," అంది అక్క తల ఎత్తకుండా. "ఉన్నికి మైల లేదని మీరే కదా చెప్పింది? మీ ఉన్ని ధావళి పంచె నేను తడపకుండానే మడికి ఇస్తాండా కదా రోజూ?"

మా ఇళ్ల ఆచారం తెలియనివారికి ఒక మాట. నూలు బట్ట తడిపి ఆరవేస్తేనే మడి. ఒకరు తాకితే పోతుంది. పట్టుకూ ఉన్నికీ ఆ భయం లేదు. ఎందుకు లేదని నన్ను అడగకండి. నేను అడిగితే పెదనాన్న ఇచ్చిన జవాబు నాకు నచ్చలేదు, నచ్చే జవాబు ఇంకా ఎవరూ ఇవ్వలేదు. కాని ఆయన నియమానికి కట్టుబడే మనిషి. తనకు అనుకూలమైనప్పుడు ఒక అర్థం, కానప్పుడు ఇంకొక అర్థం చెప్పేవాడు కాదు. 

"ఉన్నికి లేదు," అని ఒప్పుకున్నాడు. "ఆ ఊచలు ఇనుము. కడిగి తీసుకో."

ఉచ్చులు ఎక్కి ఉన్న సూదుల్ని కడగడం ఎట్లా? బయటికి తీస్తే అల్లిక అంతా జారిపోతుంది. అందుకని రోజూ పంతులమ్మ చూపించి కింద పెట్టగానే అక్క చెంబుతో నీళ్లు చల్లి తీసుకునేది. వారం తిరగకముందే ఊచలు ఎర్రబడ్డాయి.

"ఏమ్మా, మీ మడేమో గానీ నా గొడుగు ఊచలు తుప్పు పడతాండాయి," అనేది పంతులమ్మ. "వానలో పట్టుకున్నప్పుడు గూడా ఇంత తడవలేదు ఇవి."

టోపీ అంచు మీది మరకలు అవే.

నాకు ఆ దృశ్యం చూస్తే ఒళ్లు మండేది. మనిషిని మనిషి తాకగూడదట, గొర్రె బొచ్చు నడుమ ఉంటే తాకవచ్చునట! నేను ఆ మాటే ఒకనాడు పంతులమ్మ ముందు గట్టిగా అన్నాను. ఆమె నా వైపు చూడకుండా ఉచ్చులు సరిచేస్తూ, "మీరు చెప్పేది నిజమే సార్. రేపు ఆ మాట చెప్తే నన్ను ఈ బండ మీద గూడా కూర్చోనీరు. టోపీ అయిపోనీయండి," అంది.

అక్క కన్ను ఎప్పుడూ ఆమె కొప్పు మీద ఉండేది. దట్టమైన జుట్టు పంతులమ్మది.

"నీ జుట్టు శానా బాగుండాది పంతులమ్మా."

"పేలు గూడా శానా బాగుండాయమ్మా. నీకు జుట్టు వస్తే తెలుస్తాది, ఇంక దువ్వెనతోనే సంసారం."

ఇద్దరూ నవ్వుకున్నారు. అప్పటికి ఆమెకు సంగతి తెలుసని నాకు అర్థమయింది.

ఆ మార్గశిరంలో నల్లమల గాలికి ఊరంతా వణుకుతుండగా అక్క టోపీ పెట్టుకుంది. మడి వంటలో టోపీ ఏమిటని పెద్దమ్మ గొణిగితే పెదనాన్నే, ఉన్ని కదా, ఉండనీ అన్నాడు. విధవకు రంగు కూడదని వీధిలో ఒకరు అంటే, అది రంగు కాదు గొర్రె అని తేల్చాడు కూడా. నా కారణాలు ఏవీ పనిచేయని చోట, ఆయన కారణమే ఆయన్ను ఓడిస్తోంది. నాకు సంతోషపడాలో సిగ్గుపడాలో తెలియలేదు.

మంగలి మాటేమిటంటారా? అతను నెల నెలా వచ్చాడు. దొడ్లో బావి పక్కన కూర్చునేవాడు. అక్క ఎదురుగా పీట వేసుకొని కూర్చునేది. అతను కత్తి తీసి సానరాయి మీద చాలాసేపు నూరేవాడు, మామూలుకంటే గట్టిగా. తరువాత ఆకు, వక్క వేసుకొని కూర్చునేవాడు. కొంతసేపటికి అక్క నీళ్లు కుమ్మరించుకునేది, అతను తన కూలి గింజలు తీసుకొని పోయేవాడు. ఇంట్లో ఎవరూ చూడలేదు. ఎట్లా చూస్తారు? చూడగూడదు కదా! బోడితల ఎదురుపడగూడదని కళ్లు మూసుకున్న ఇంట్లో తలకు ఏమవుతోందో ఎవరికి తెలుస్తుంది? ఒకనాడు వీధిలో కనిపిస్తే ఆ ముసలివాడు నాతో అన్నాడు: "సామీ, ఈ పని నా సేతులతో సేసినప్పుడంతా ఆ పూట నాకు బువ్వ దిగదు. ఇప్పుడు కత్తి నూరి నూరి ఊరికే అరగదీస్తాండా, అయినా మనసు సల్లగా ఉండాది."

పొరపాటు వేరే చోట జరిగింది. అక్క టోపీని తన తలకే కొలత పెట్టి అల్లింది. గొరిగిన తల. పైగా కొత్త చేయి కావడం వల్ల వెనక పక్క వచ్చే దారాన్ని బిగించి లాగింది. పంతులమ్మ మొదటినుంచీ మొత్తుకుంటూనే ఉంది. "వెనక దారం వదులుగా ఉండల్లమ్మా. అది ఎద్దు ముక్కుతాడా, అట్ల బిగదీస్తాండావు? లోపల బిగిస్తే పైన సాగదు." వదులుగా విడిస్తే ఊడిపోతుందని అక్క భయం. పుట్టినప్పటినుంచి అన్నీ బిగించి కట్టుకోవడమే నేర్చిన మనిషి.

శివరాత్రి నాటికి జుట్టు రెండు వేళ్ల వెడల్పు పెరిగి కుచ్చులాగా నిలబడింది. టోపీ సాగలేదు. పొద్దున చెవుల దాకా లాగి పెట్టుకుంటే మధ్యాహ్నానికి పైకి ఎగదన్నుకొని వచ్చేది. అక్క రోజంతా ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో టోపీ పట్టుకొని పని చేసేది. రెండోది మొదలుపెట్టింది కాని, సగం కూడా కాలేదు.

ఒకనాడు అందరం భోజనాలకు కూర్చున్నాం. అక్క వంగి చారు వడ్డిస్తోంది. మెడ వెనక నల్లటి గీత కనిపించింది. నేను చూశాను. నా పక్కన పెదనాన్న తల వంచుకొని తింటున్నాడు. ఎదురుగా నిలబడ్డ పెద్దమ్మ చూసింది. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

పెద్దమ్మ మెల్లగా వెళ్లి, అక్క వెనక నిలబడి, టోపీ అంచు పట్టుకొని కిందికి లాగింది. చిన్న పిల్లకు చొక్కా సర్దినట్టు సర్దింది. "ఇది నీళ్లు లాగి ముడుచుకపోయినట్టుండాది. తొందరగా ఇంకోటి అల్లుకో," అని నెయ్యి గిన్నె తీసుకొని లోపలికి పోయింది. ఆ తరువాత ఆ సంగతి ఆమె ఎన్నడూ ఎత్తలేదు. పెద్దమ్మ నా ఉపన్యాసం ఒక్కటి కూడా వినలేదు, చదువు రాదు.

రెండో టోపీ వదులుగా వచ్చింది. అప్పటికి ఎండలు వచ్చాయి.

మా సీమ ఎండలు మీలో కొందరికి తెలుసు. పడసాలలో పరిచిన కడప బండలు చీకటి పడ్డాక కూడా అరికాలిని కాలుస్తాయి. అట్లాంటి వైశాఖంలో, కట్టెల పొయ్యి ముందు, తల మీద గొర్రె బొచ్చు! చెమట నుదుటి నుంచి కళ్లలోకి కారేది. మెడ నిండా పొక్కులు. రాత్రిపూట గదిలో తలుపు వేసుకొని తీసి ఆరబెట్టుకునేది. ఇంట్లో పార్శ్వపు నొప్పి అని చెప్పింది, గాలి తగలగూడదంది. నేను చాలాసార్లు బతిమాలాను: ఇంక చాలు, తీసెయ్, నేను నిలబడతాను. "నువ్వు సాయంత్రం సభలో నిలబడతావు," అంది. "పొద్దున ముసుగు తియ్యవు. మంగలి వచ్చేది పొద్దున."

పార్శ్వపు నొప్పి అనగానే పెదనాన్నకు వైద్యం తోచింది. మహానంది కోనేట్లో మూడు మునకలు వేస్తే పోతుందన్నాడు. కాదంటే అనుమానం. బండి కట్టించి నేనే తీసుకుపోయాను. ఆ కోనేటి నీళ్లు ఎంత తేట అంటే, అడుగున పడిన గురిగింజ కూడా కనిపిస్తుంది. దాచుకోవడానికి అంతకంటే చెడ్డ చోటు లేదు. అక్క టోపీతోనే దిగింది.

గట్టు మీద గుడ్డలు పిండుకుంటున్న ఒక ముసలమ్మ అడిగింది, "ఏందమ్మా, టోపీతో మునుగుతాండావు?"

"తలనొప్పి టోపీకి పట్టుకుందవ్వా. దాన్నే ముంచుతాండా," అంది అక్క.

తిరుగు దారిలో తడిసిన గొర్రె వాసనకు బండి ఎద్దులు రెండు మూడుసార్లు వెనక్కి తిరిగి చూశాయి. అక్క నవ్వింది. తరువాత బండి గడ్డి మీద పడుకొని కళ్లు మూసుకుంది.  మనిషి అలసిపోతే ఎట్లా ఉంటుందో అప్పుడు చూశాను. తన తల మీద తన జుట్టు ఉండడానికి ఇంత పని!

మళ్లీ మార్గశిరం వచ్చింది. మా తాతగారి తద్దినం. పెదనాన్న కర్త, అక్క మడి వంట. జుట్టున్న విధవ వండితే పితృదేవతలు ముట్టరంటారు. భోక్తలు ఆకుల ముందు కూర్చున్నారు. గారెలు, పరమాన్నం, నువ్వుల పచ్చడి. పురోహితుడు గారెలు మళ్లీ మళ్లీ అడిగి వేయించుకున్నాడు. చివరికి పెదనాన్న చేతులు జోడించి తృప్తి అయిందా అని అడిగాడు. తృప్తులమైనామని భోక్తలు పితృదేవతల తరపున పలికారు. అది వాడుక. ఆ మాట అయితే తద్దినం ఫలించినట్టు.

అందరూ చేతులు కడుక్కొని పడసాలలో చేరారు. అక్క వంటింటి గడప దాటి వచ్చింది.

"పెదనాన్నా, పితృదేవతలు తృప్తి పడినారు కదా?"

"పడినారు. భోక్తల నోట విన్లేదా?"

"ఆ మాట మళ్లా వెనక్కి తీసుకునేది లేదు కదా?"

"ఏమే ఆ పిచ్చి ప్రశ్న?"

అక్క టోపీ తీసింది. జుట్టు భుజాల మీద పడలేదు, అంత లేదు. మెడ దాకా వచ్చింది. రెండు చేతులూ వెనక్కి పెట్టి, తడుముకుంటూ, చిన్న ముడి వేసుకుంది. మొదటిసారి జారింది. మళ్లీ వేసుకుంది. నిలిచింది.

పురోహితుడు పొట్ట మీద చేయి వేసుకొని, లోపల ఏమైనా జరుగుతుందేమోనని కాసేపు కనిపెట్టి చూశాడు. ఏమీ జరగలేదు.

"ఈ తలతోనే వండితివా?" అన్నాడు పెదనాన్న.

"చేతులతో వండినా పెదనాన్నా. తల ఊరికే పైన ఉండాది."

నేను లేచాను. ఏడాదిగా దాచుకున్న మాటలన్నీ గొంతులోకి వచ్చాయి. అక్క నా వైపు చూసింది. "నువ్వు కూర్చోరా. ఆకులు ఎత్తినాక చెప్తువులే." కూర్చున్నాను.

పెదనాన్న లేచి బావి దగ్గరికి పోయి తల మీద నీళ్లు పోసుకున్నాడు. ఏదో ప్రాయశ్చిత్తం చేసుకున్నాడు. ఆ నాటినుంచి చచ్చేదాకా అక్క చేతి వంట తినలేదు. రాను రాను చూపు ఆనకుండా పోయిన పెద్దమ్మ ఉప్పు రెండుసార్లు వేసిన పులుసు మాట్లాడకుండా తిన్నాడు. అక్కను ఇంట్లోంచి పొమ్మనలేదు.

నెల తిరగగానే అలవాటు కొద్దీ మంగలి వచ్చాడు. నాకు మెలకువ వచ్చింది. నేను లేచేలోగానే పెదనాన్న దొడ్డి తలుపు తీశాడు. ఆయన అక్కడికి ఆ వేళ పోవడం నేను ఎన్నడూ చూడలేదు. "ఇంక ఈడికి రావద్దప్పా. నీ గింజలు ఎప్పట్లాగే వస్తాయి," అన్నాడు. తలుపు వేసి వచ్చి తన పీట మీద కూర్చున్నాడు. నా వైపు చూడలేదు. ఆయన ఒప్పుకోలేదు, ఓడిపోయాడు. ఓడిపోయినవాడు చేయవలసిన పని చేశాడు. అంతకుముందు నేను ఆ ఇంట్లో గెలిచిన వాదాలన్నీ కలిపినా ఆ తలుపు దాకా రాలేదు.

ఇక్కడితో కథ ముగిస్తే నాకూ హాయిగా ఉండేది. ముగియలేదు. సంగతి నోటా నోటా పాకింది. కర్నూలు నుంచి, ప్రొద్దుటూరు నుంచి, పల్లెల నుంచి విధవలు కబురు పెట్టారు. అక్క అల్లింది. పంతులమ్మ జమ్మలమడుగు వైపు బదిలీ అయి పోయేదాకా ఆమె కూడా అల్లింది, ఇప్పుడు అరుగు కింద కాదు, మా పడసాలలో కూర్చొని. అందరికీ వెనక దారం వదులుగానే వేసేవారు. కొందరు ఒక ఏడు దాచి బయటపడ్డారు. కొందరి టోపీ నడుమలోనే లాగేశారు. ఒకామెను పట్టుకొని గొరిగించి, టోపీ పొయ్యిలో వేశారని విన్నాం.

ఏళ్లు గడిచాయి. చట్టాలు మాట్లాడుకున్నాం, పరిషత్తులు పెట్టుకున్నాం, జైళ్లకు పోయి వచ్చాం. ఇప్పుడు స్వరాజ్యం వాకిట్లోకి వచ్చిందంటున్నారు. అక్క జుట్టు నెరిసింది. వేళ్లు వంకరలు పోయాయి. కళ్లకు అద్దాలు వచ్చినా నల్ల దారం చీకట్లో కనిపించదు.

నిన్న ఒక పెద్దమనిషి మా ఇంటికి వచ్చాడు. నాతోపాటు ఎన్నో వేదికల మీద మాట్లాడినవాడు. నాకంటే గట్టి గొంతు. శిరోముండనం మీద ఆయన ఉపన్యసిస్తే ఆడవాళ్ల వరుసలో ఏడుపులు వినిపించేవి. వీధి వాకిలి నుంచి కాదు, దొడ్డి వాకిలి నుంచి వచ్చాడు. కూతురు ఈ మధ్య విధవ అయిందట. భార్య, అత్తగారు పట్టుబట్టారట, పదోనాడు మంగలిని పిలుస్తారట.

"అక్కయ్యా, ఆ తరువాత పెంచుకొని దాచుకోవడానికి మా బిడ్డకు ఒక టోపీ..." అన్నాడు.

అక్క అద్దాలు తీసి తుడుచుకుంది. మళ్లీ పెట్టుకొని ఆయన ముఖం చూసింది.

"ఏమప్పా, ఇంట్లో మా నోరు చెల్లనప్పుడు నేను టోపీ అల్లుకున్నా. మీకు నోరుండాది కదా. అంత పెద్ద నోరున్న ఇంట్లో టోపీ ఎందుకు?"

ఆయన ఏమో చెప్పబోయాడు. ఆడవాళ్ల మనసు నొప్పించలేనన్నాడు, కాలం మారాలన్నాడు. అక్క లోపలికి పోయి ఈ మొదటి టోపీ, తుప్పు మరకలది, తెచ్చి ఆయన చేతిలో పెట్టి చూడమంది. ఆయన తిప్పి చూశాడు. "ఎండాకాలం ఒకసారి పెట్టుకోని పొయ్యి ముందర కూర్చో అప్పా. అప్పుడు చెప్పు కాలం ఎట్ల మారల్లనో," అంది. ఆయన టోపీ బల్ల మీద పెట్టి, వచ్చిన వాకిలి నుంచే పోయాడు.

సాయంత్రం అక్క నా దగ్గరికి వచ్చి సూదులు బల్ల మీద పడేసింది. "రేయ్, నువ్వు పత్రికలకు రాస్తాంటావు కదా. నేను ఇంక అల్లనని రాయి. చేతకాక కాదు. సిగ్గయితాంది, వాళ్లకు సిగ్గు లేనందుకు."

అందుకే రాస్తున్నాను. మా ఇంటికి టోపీ కోసం రాకండి. ఇక్కడ లేదు. మీకు ఉన్ని అక్కర లేదు, శ్లోకం అక్కర లేదు, సభ అక్కర లేదు. ఆ పెద్దమనిషి ఇది చదువుతాడని నాకు తెలుసు. పదోనాడు ఇంకా రాలేదు. మీలో ఇంకెవరి ఇంట్లో ఆ రోజు దగ్గరపడుతోందో మీకు తెలుసు. ఆ తెల్లవారుజామున ముసుగు తియ్యండి. లేవండి. దొడ్డి తలుపు మీరే తీసి గడప మీద నిలబడండి. మంగలి వస్తే అతని గింజలు అతని చేతిలో పోసి, ఇంక రావద్దని మీ నోటితో చెప్పి వెనక్కి పంపండి.